బంతాట తయారుచేసిన సైంటిస్టు – విలియం హిగిన్‌బోథమ్

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఎవరైనా ఒక మహానుభావుని జీవిత చరిత్ర రాసివ్వమని వార్డెన్ సారు ఫోన్ చేశారు. అంబేద్కర్ గారి గురించి, సావిత్రీబాయి ఫూలే గారి గురించి, కలాం గారి గురించి రాస్తామని తమ్ముళ్లు ముందే పేర్లు ఇచ్చేశారని కూడా చెప్పారు. ఇక నేనెవరి గురించి రాయాలా అని ఆలోచిస్తుంటే పోయిన దసరా సెలవుల ముందు ఒక సాయంత్రం గుర్తుకొచ్చింది.

ఆ రోజు యూనివర్సిటీ నుంచి శామీర్‌పేట పక్కనున్న మా ఊరికి పోవాల్సినవాణ్ణి, ఒకసారి పిల్లలను చూసి పోదామని మేడ్చల్ బస్సెక్కాను. హాస్టల్ కంప్యూటర్ గదిలో ఒకటే కేకలు. పనిచేస్తున్నది ఒకే ఒక్క కంప్యూటర్. దాని ముందు రెండు కుర్చీల మీద నలుగురు కూర్చున్నారు. కీబోర్డు ఒకటే, దాన్ని నలుగురూ పొలం పంచుకున్నట్టు పంచుకున్నారు. ఎడమ పక్క అక్షరాలు ఒకడివి, నడుమ అక్షరాలు ఇంకొకడివి, బాణం గుర్తులు ఒకడివి, అంకెలు ఒకడివి. తెర మీద నాలుగు రబ్బరు బొమ్మలు కదిలే లారీ ఎక్కి ఒకదాన్నొకటి కిందికి తోసుకుంటున్నాయి. వాటి చేతులు కాళ్లు వాటి మాటే వినవు. కల్లు తాగి వచ్చినట్టు తూలుతుంటాయి. పక్కదాన్ని తోయబోయిన బొమ్మ తానే జారిపోతుంది, జారుతూ జారుతూ ఇంకొక దాని కాలు పట్టుకుంటుంది, రెండూ రోడ్డు మీద పడతాయి. ఎవరు గెలిచారో ఆడేవాళ్లకే తెలియదు. వెనక నిలబడి చూస్తున్న పదిహేను మందీ కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. నేనూ నవ్వాను.

ఆ పడిపోవడాలు ఎవరూ ముందుగా గీసి పెట్టినవి కావని పిల్లలకు చెప్పాను. బొమ్మ బరువెంత, వేగమెంత, కాలి కింద రాపిడి ఎంత, భూమి ఎంత బలంగా లాగుతోంది – ఇవన్నీ కంప్యూటర్ అప్పటికప్పుడు లెక్కగట్టి పడేస్తుంది. అందుకే ఒకసారి పడ్డట్టు ఇంకోసారి పడరు. మన తొమ్మిదో తరగతి తమ్ముడు ఒకడు అంతా విని, ఫిజిక్సుతో ఇట్లా పక్కపక్కన కూర్చుని ఆడుకునే ఆట మొట్టమొదట ఎవరు తయారుచేశారన్నా అని అడిగాడు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్న నా దగ్గర జవాబు లేదు! చూసి చెబుతానని తప్పించుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, ఆ మనిషి అంతకుముందు అణుబాంబు తయారీలో పనిచేశాడని. ఈ వ్యాసం ఆ తమ్ముడికి నేను పడ్డ బాకీ.

విలియం ఆల్‌ఫ్రెడ్ హిగిన్‌బోథమ్ 1910 అక్టోబరు 25న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో బ్రిడ్జ్‌పోర్ట్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి చర్చిలో పాస్టరు. పెరిగింది న్యూయార్క్ రాష్ట్రంలోని కాలెడోనియా అనే చిన్న ఊళ్లో. న్యూయార్క్ రాష్ట్రం అనగానే ఆకాశాన్నంటే భవనాలు ఊహించుకోకండి, ఆ ఊరు నగరానికి చాలా దూరం. స్నేహితులు ఆయన్ని విల్లీ అని పిలిచేవారు. జీవితమంతా ఆ పేరే నిలిచింది.

1932లో విలియమ్స్ కాలేజీలో డిగ్రీ పూర్తయింది. అదెలాంటి కాలమంటే, 1929లో అమెరికాలో షేర్ మార్కెట్ కూలిపోయి బ్యాంకులు మూతపడి, లక్షల మంది ఉద్యోగాలు పోగొట్టుకుని వీధిన పడ్డ కాలం. విల్లీ కార్నెల్ యూనివర్సిటీలో ఫిజిక్స్ పైచదువుకు చేరారు కానీ డాక్టరేట్ పూర్తి కాలేదు. అదే డిపార్ట్‌మెంటులో టెక్నీషియన్‌గా పనిచేశారు. అంటే ప్రొఫెసర్ల ప్రయోగాలకు కావలసిన సర్క్యూట్లు కట్టడం, చెడిపోయినవి బాగుచేయడం. ఇది చదివినప్పుడు నాకు కొంచెం ధైర్యం వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాణ్ణి నేను. ల్యాబ్‌లో టెక్నీషియన్ ఉద్యోగం అంటే ఏదో తక్కువ పని అని మా బ్యాచ్‌లో కొందరనుకుంటారు. విల్లీ చేతికి పని వచ్చింది ఆ కొలువులోనే.

1941లో ఆయనను మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోని రేడియేషన్ లేబొరేటరీకి పిలిచారు. పేరు అట్లా పెట్టారు గానీ అక్కడ జరిగేది రాడార్ పని. రెండో ప్రపంచ యుద్ధం అప్పటికే నడుస్తోంది. రాడార్ పంపిన తరంగం దేనికో తగిలి తిరిగొస్తే, ఆ వచ్చినదాన్ని మనిషి కంటికి కనపడేలా తెర మీద చూపించాలి. పైన ఎగిరే విమానం నుంచి కింద నేల ఎలా ఉందో చూపే ఈగిల్ రాడార్ తెర మీద విల్లీ పనిచేశారు. మన పాత టీవీల్లో వెనక పొడుగ్గా లావుగా ఉండే గాజు గొట్టం గుర్తుందా? దాని పేరే క్యాథోడ్ రే ట్యూబు. ఎలక్ట్రాన్ల ధారను వోల్టేజితో పైకి కిందికి, పక్కలకు వంచితే తెర మీద వెలుగు చుక్క కదులుతుంది. చుక్కను తన చెప్పుచేతల్లో పెట్టుకోవడం విల్లీ అక్కడ నేర్చుకున్నారు. దీన్ని గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

1943 చివర్లో ఆయన న్యూమెక్సికోలోని లాస్ అలమోస్‌కు వెళ్లారు. కొండ మీద, బయటి లోకానికి తెలియకుండా కట్టిన ఊరు. అణుబాంబు తయారయ్యింది అక్కడే. విల్లీ అక్కడ ఎలక్ట్రానిక్స్ బృందానికి నాయకుడయ్యారు. బాంబు పేలవలసిన క్షణాన్ని అదుపుచేసే టైమింగ్ సర్క్యూట్ల పని ఆ బృందానిది. బాంబులో టైమింగ్ ఎందుకంటే, ప్లుటోనియం ముద్ద చుట్టూ పేలుడు పదార్థం అమర్చి, దాన్ని అన్ని వైపుల నుంచీ ఒకేసారి పేల్చి లోపలికి నొక్కాలి. ఒక పక్క సెకనులో పది లక్షలో కొన్ని వంతులు ఆలస్యమైనా ముద్ద ఒక పక్కకు పిండుకుపోతుంది, బాంబు పేలదు. అంత సన్నటి కాలాన్ని కొలవాలి.

ఆ కొండ మీద ఇంకొక విల్లీ కూడా ఉండేవారు. ఆయనకు అకార్డియన్ వాయించడం వచ్చు. అకార్డియన్ అంటే మన హార్మోనియం లాంటి పెట్టెను మెడలో వేసుకుని, రెండు చేతుల మధ్య సాగదీస్తూ మూస్తూ వాయించే వాద్యం. సాయంత్రాలు పార్టీలు జరిగితే మెడలో అకార్డియన్ వేసుకుని ఆయనే ముందుండేవారు. పగలు బాంబు, రాత్రి పాట! తర్వాత బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో సొంతంగా ఒక బ్యాండ్ కూడా పెట్టుకున్నారు. దాని పేరు ఐసోటోప్ స్టాంపర్స్. ఐసోటోపుల పాఠం చదివేవాళ్లకు ఆ పేరు నవ్వు తెప్పిస్తుంది.

1945 జూలై 16న న్యూమెక్సికో ఎడారిలో మొదటి అణుబాంబును పరీక్షించారు. ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద వేశారు. ఆ ఏడాది చివరికల్లా హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 70,000 మంది చనిపోయారని అంచనా. అందులో బడికి పోయే పిల్లలు, ముసలివాళ్లు, ఆసుపత్రుల్లో పడుకున్నవాళ్లు అందరూ ఉన్నారు. సర్క్యూట్లు సరిగ్గా పనిచేశాయి. ఒక ఎలక్ట్రానిక్స్ మనిషికి తన సర్క్యూటు పనిచేస్తే సంతోషం. ఆ సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియని స్థితి అక్కడ చాలామంది సైంటిస్టులది.

కొందరు మౌనంగా పాత కాలేజీలకు తిరిగి వెళ్లిపోయారు. విల్లీ అలా చేయలేదు. 1945 చివర్లో సర్దుకుని రాజధాని వాషింగ్టన్‌కు చేరారు. అప్పట్లో అణుశక్తి మీద అమెరికా పార్లమెంటులో మే-జాన్సన్ బిల్లు అనే ఒక బిల్లు పెట్టారు. అణుశక్తి మీద సైన్యం పట్టు అలాగే ఉండిపోతుందని, అంతా రహస్యమైపోతుందని సైంటిస్టులకు భయం పట్టుకుంది. బాంబు తయారుచేసిన కుర్ర సైంటిస్టులు, రాజకీయం అంటే ఏమిటో తెలియనివాళ్లు, చిన్న ఆఫీసు తెరిచి, పార్లమెంటు సభ్యులను కలిసి, అణువు అంటే ఏమిటో పాఠం చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టారు. వాళ్లు పెట్టుకున్న సంఘమే ఫెడరేషన్ ఆఫ్ అమెరికన్ సైంటిస్ట్స్. దానికి మొదటి ఛైర్మన్ హిగిన్‌బోథమ్. ఆ సంఘం ఇప్పటికీ ఉంది.

ఆ బిల్లు ఓడిపోయింది. దాని బదులు సెనేటర్ మెక్‌మహాన్ తెచ్చిన చట్టం మీద 1946 ఆగస్టు 1న అధ్యక్షుడు ట్రూమన్ సంతకం పెట్టారు. అణుశక్తి సైన్యం చేతి నుంచి పౌర కమిషన్ చేతికి వచ్చింది. ఇది పూర్తి గెలుపు అని నేను అనుకోను. ఆ కమిషన్ ఆధ్వర్యంలోనే ఆ తర్వాత వేల బాంబులు తయారయ్యాయి. 1949లో సోవియట్ రష్యా కూడా బాంబు పేల్చింది. 1952లో అమెరికా అంతకన్నా ఎన్నో రెట్లు పెద్దదైన హైడ్రోజన్ బాంబు పేల్చింది. కానీ కొత్త చట్టం కోసం అడుగు వేసినవాళ్లలో విల్లీ ముందు వరుసలో ఉన్నారు.

1947లో ఆయన లాంగ్ ఐలాండ్‌లోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో చేరారు. అంతకుముందు అది క్యాంప్ అప్టన్ అనే సైనిక శిబిరం. అణువును బాంబులకు కాకుండా వైద్యానికి, పరిశోధనకు వాడాలని పెట్టిన చోటు. 1950లలో అక్కడి ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగానికి విల్లీ అధిపతి. రేణువులను లెక్కించే యంత్రాలు, రేడియేషన్ కొలిచే సర్క్యూట్లు, ఇలాంటివి ఆ విభాగం పని. ఆయన పేరు మీద 20కి పైగా పేటెంట్లు వచ్చాయి. అవన్నీ ఇప్పుడు ఎవరికీ గుర్తులేవు.

ఇక ఆట సంగతి. బ్రూక్‌హేవెన్‌లో ఏటా సందర్శకుల దినాలు జరిపేవారు. లోపల అణు రియాక్టర్ ఉందంటే చుట్టుపక్కల ఊళ్ల వాళ్లకు భయం ఉంటుంది కదా. రండి, చూడండి, భయం లేదని చెప్పడానికి గేట్లు తెరిచేవారు. వచ్చినవాళ్లకు ఫోటోలు, చార్టులు, కదలని పరికరాలు చూపించేవారు. మన సైన్స్ ఫేర్‌లో థర్మకోల్ మోడల్ పక్కన నిలబడి ముక్కున పట్టిన పాఠం అప్పజెపుతుంటే చూసేవాళ్లు ఆవలించడం మనకు తెలియనిదా! విల్లీకి అదే బాధ. జనం చేత్తో ముట్టుకుని ఆడుకునేది ఏదైనా ఉంటే బాగుంటుందనుకున్నారు.

ఆయన విభాగంలో డోనర్ మోడల్ 30 అనే చిన్న అనలాగ్ కంప్యూటర్ ఉండేది. ఇప్పటి కంప్యూటర్ ఒకట్లు, సున్నాలతో లెక్క చేస్తుంది. అనలాగ్ కంప్యూటర్ అలా కాదు, దానికి వోల్టేజే అంకె. మూడు వోల్టులంటే మూడు అన్నట్టు. దాంతో పాటు వచ్చిన పుస్తకంలో తుపాకి గుండు దారి, ఎగిరే బంతి దారి ఎలా లెక్కగట్టాలో ఉదాహరణలు ఇచ్చారు. గాలి అడ్డుపడితే ఎంత నెమ్మదిస్తుందో కూడా ఉంది. విల్లీ ఆ పేజీ చూసి, ఎగిరే బంతి ఉంటే టెన్నిస్ ఆడొచ్చు కదా అనుకున్నారు. గీతలు గీయడానికి ఆయనకు రెండు గంటలు పట్టిందట. రాబర్ట్ డ్వొరాక్ అనే టెక్నీషియన్ కూర్చుని దాన్ని కట్టి, తప్పులు దిద్ది నిలబెట్టడానికి రెండు మూడు వారాలు పట్టింది. ప్రపంచమంతా విల్లీ పేరే చెబుతుంది గానీ, టంకం పొగ పీల్చినాయన పేరు కూడా రాయాలనిపించి రాశాను.

అది ఎలా పనిచేసిందో తమ్ముళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను. ఫిజిక్స్ అంటే గిట్టనివాళ్లు ఈ పేరా వదిలేసి పోవచ్చు, కోపం రాదు. నల్లా కింద బిందె పెట్టారనుకోండి. నల్లా ఒకే ధారగా వస్తే బిందెలో నీళ్లు ఒకే తీరుగా పెరుగుతాయి. కెపాసిటర్‌లో కరెంటు చేరడం కూడా అలాగే. భూమి ఆకర్షణ ఎప్పుడూ ఒకటే కాబట్టి అది ఒకే ధారగా వచ్చే నల్లా. దాని కింది బిందె బంతి వేగం. క్షణక్షణానికీ కింది వైపు వేగం పెరుగుతుంది. ఆ వేగమే ఇంకొక నల్లా అయి, రెండో బిందెను నింపుతుంది. ఆ రెండో బిందె మట్టమే బంతి ఎత్తు. ఇట్లా రెండు మెట్లలో వోల్టేజిని కలుపుకుంటూ పోతే విసిరిన బంతి గీసే వంపు దానంతటదే వస్తుంది, ఎవరూ గీయనక్కర్లేదు. ఎత్తు సున్నా కాగానే, అంటే బంతి నేల తాకగానే, ఒక రిలే టక్కుమని కొట్టి వేగాన్ని తిప్పేస్తుంది. కిందికి పోయేది పైకి లేస్తుంది, కొంచెం బలం పోగొట్టుకుని. నెట్‌కు తగిలితే ఇంకొక రిలే. నిజం బంతి ఎలా ఎగురుతుందో ఇదీ అలాగే.

తెరగా పెట్టింది ఆసిలోస్కోపు. మా పీజీ ల్యాబ్‌లో సీఆర్వో అంటాం, తరంగాల ఆకారం చూడటానికి వాడతాం. దాని తెర అడ్డం 5 అంగుళాలు, అంటే మన మెస్ గిన్నె మూతంత కూడా లేదు. అందులో వెలుగు చుక్క ఒకటే ఉంటుంది. ఆ ఒక్క చుక్కతోనే నేల గీత, నడుమ నెట్ గీత, బంతి మూడూ చూపించాలి. అప్పుడప్పుడే వస్తున్న ట్రాన్సిస్టర్లతో చుక్కను సెకనుకు 36 సార్లు ఒకదాని తర్వాత ఒకటిగా ఆ మూడు చోట్లకూ తిప్పారు. మన కన్ను ఆ వేగాన్ని పట్టలేదు కాబట్టి మూడూ ఒకేసారి ఉన్నట్టు కనిపిస్తాయి. రాడార్ రోజుల్లో నేర్చిన విద్య ఇక్కడ పనికొచ్చింది.

ఆడేవాళ్లు ఇద్దరు. ఒక్కొక్కరి చేతిలో ఒక అల్యూమినియం డబ్బా. దానికి తిప్పే నాబ్ ఒకటి, నొక్కే బటన్ ఒకటి. నాబ్ తిప్పితే బంతి ఏ కోణంలో పోవాలో మారుతుంది, బటన్ నొక్కితే దెబ్బ పడుతుంది. ఎంత బలంగా కొట్టాలో చెప్పే ఇంకొక నాబ్ కూడా పెట్టాలని విల్లీ మొదట అనుకున్నారు. ఆడేవాళ్లు గందరగోళ పడతారని మానుకున్నారు. చిర్రగోనె ఆడినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. చిర్రను ఏ వాలులో లేపామన్నదే ఆటంతా. మరీ నిటారుగా లేపితే అక్కడే పడుతుంది, మరీ పడుకోబెడితే నేలను గీస్తుంది. ఈ ఆటలోనూ అంతే. కోణం తప్పితే నెట్‌కు తగిలి బంతి తన వైపే తప్పటడుగులు వేస్తూ దొర్లుకొస్తుంది. మార్కులు లెక్కపెట్టే ఏర్పాటు లేదు. ఎవరు గెలిచారో ఆడేవాళ్లే తేల్చుకోవాలి. మన కంప్యూటర్ గదిలో లాగానే!

1958 అక్టోబరు 18న దాన్ని జనం ముందు పెట్టారు. హైస్కూలు పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు వందల మంది లైను కట్టారు. పక్కనున్న మిగతా పరికరాలను చూసేవాళ్లు తగ్గిపోయారు. మరుసటి ఏడాది, 1959లో, ఇంకా పెద్ద తెర పెట్టారు. అప్పుడే విల్లీ ఒక అల్లరి పని కూడా చేశారు. గురుత్వాకర్షణ మార్చుకునే ఏర్పాటు పెట్టారు. చంద్రుడి మీద టెన్నిస్ ఆడితే బంతి గాలిపటంలా తేలుతూ ఎప్పటికో దిగుతుంది. గురుగ్రహం మీద ఆడితే లేచీ లేవకముందే రాయిలా పడుతుంది. అంటే నల్లాను సన్నగా తిప్పడం, పెద్దగా తిప్పడం, అంతే తేడా. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టింది 1969లో. దానికి పదేళ్ల ముందే లాంగ్ ఐలాండ్ పిల్లలు చంద్రుడి మీద బంతాట ఆడేశారు. పోయిన దసరాకు మన పిల్లలు రబ్బరు బొమ్మలను చూసి ఎందుకు నవ్వారో, వాళ్లూ అందుకే నవ్వి ఉంటారని నా ఊహ. తెర మీద వస్తువు నిజం లోకంలో లాగానే పడుతుంది, కానీ మనం అనుకున్నట్టు పడదు.

దీన్ని ఇప్పుడు అందరూ టెన్నిస్ ఫర్ టూ అంటున్నారు. ఇదే మొదటి వీడియో గేమా అంటే వాదన ఉంది. 1952లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో ఎ.ఎస్.డగ్లస్ కంప్యూటర్ మీద సున్నాలు-ఇంటుల ఆట చేశారు. 1954లో మిచిగన్ యూనివర్సిటీ వాళ్లు కంప్యూటర్ తెర మీద బిలియర్డ్స్ బంతులు కొట్టించారు. కానీ అవి పరిశోధన కోసం, కంప్యూటర్ సత్తా చూపడం కోసం. విల్లీది వచ్చిన అతిథులను సంతోషపెట్టడం కోసం. నా తమ్ముడు అడిగింది ఇద్దరు పక్కపక్కన నిలబడి సరదాగా ఆడుకునే ఆట గురించి కాబట్టి నా జవాబు విల్లీయే.

1959 తర్వాత ఆ ఆటను విప్పేశారు. కంప్యూటర్, ఆసిలోస్కోపు మళ్లీ ప్రయోగశాల పనికి పోయాయి. పేటెంట్ తీసుకోవాలని విల్లీకి తట్టలేదు. ఎగిరే బంతి లెక్క పుస్తకంలోనే ఉంది కదా, నేను కొత్తగా చేసిందేముంది అన్నది ఆయన ఆలోచన. తీసుకున్నా అది ప్రభుత్వానికే చెందేది. మన ఊళ్లల్లో పిల్లలకు తాటి బుర్రలతో బండి చేసిచ్చే తాతలు పేటెంట్ అడిగారా?

1972లో రాల్ఫ్ బేర్ తయారుచేసిన ఒడిస్సీ అనే ఆటల పెట్టెను మాగ్నవాక్స్ కంపెనీ అమ్మకానికి తెచ్చింది. అదే ఏడాది అటారీ కంపెనీ పాంగ్ వచ్చింది. వీడియో గేములు కోట్ల డాలర్ల వ్యాపారమయ్యాయి, పేటెంట్ కోసం కోర్టుల్లో కొట్లాటలు మొదలయ్యాయి. బేర్ పేటెంట్ చెల్లదని నిరూపించాలనుకున్న లాయర్లు వెతుక్కుంటూ వచ్చి విల్లీ తలుపు తట్టారు. అంతకుముందే ఇలాంటిది చేశారు కదా, వచ్చి సాక్ష్యం చెప్పమన్నారు. ఆయన జరిగింది జరిగినట్టు చెప్పారు. విద్యార్థిగా ఉన్నప్పుడు బ్రూక్‌హేవెన్‌లో ఆ ఆట చూసిన డేవిడ్ ఆల్ అనే ఆయన 1982లో తన క్రియేటివ్ కంప్యూటింగ్ పత్రికలో దాని గురించి రాశారు. అప్పుడే లోకానికి విల్లీ పేరు తెలిసింది. 1985లో నింటెండో కంపెనీ కూడా ఈ టెన్నిస్‌ను చూపించి కోర్టుకెక్కింది. ఆసిలోస్కోపు వాడేది వీడియో సిగ్నల్ కాదు కాబట్టి ఇది వీడియో గేమ్ కింద రాదని కోర్టు తేల్చింది. నింటెండో ఓడిపోయింది. విల్లీకి పైసా రాలేదు, పోయిందీ లేదు.

ఈ కోర్టుల గోల జరిగే కాలంలో ఆయన నిజంగా చేస్తున్న పని వేరు. 1968 నుంచి బ్రూక్‌హేవెన్‌లోనే అణు పదార్థాల కాపలా మీద పనిచేశారు. కాపలా అంటే తుపాకి పట్టుకుని నిలబడటం కాదు. అణు ఇంధనం తయారయ్యే ప్రతి చోటా ఎంత యురేనియం వచ్చింది, ఎంత వాడారు, ఎంత మిగిలింది, తేడా ఎంత అని గ్రాముల్లో లెక్క చూడటం. మన హాస్టల్ స్టోర్ రూమ్‌లో బియ్యం, పప్పు లెక్క చూసే రిజిస్టరు లాంటిదే. కాకపోతే ఇక్కడ లెక్కకు రాని మూట బాంబు కావచ్చు. 1974 నుంచి అణు పదార్థాల నిర్వహణ సంస్థ వెలువరించే పత్రికకు ఆయన టెక్నికల్ ఎడిటర్. చనిపోయేదాకా, ఇరవై ఏళ్లు ఆ పని చేశారు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. శామీర్‌పేట నుంచి జవహర్‌నగర్ మీదుగా ఈసీఐఎల్ చౌరస్తా దాటి పోతే మౌలాలి దగ్గర న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు ఉంది. 1971లో పెట్టిన ఆ సంస్థలో మన దేశపు అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధనం తయారవుతోంది. భారతదేశం అణ్వస్త్ర వ్యాప్తి నిరోధ ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. అయినా 2009లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థతో విడిగా కుదిరిన ఒప్పందం కింద అక్కడి కొన్ని ప్లాంట్లు ఆ సంస్థ తనిఖీలోకి వచ్చాయి. మా నాయన తూముకుంట దగ్గర కోళ్ల ఫారంలో పనిచేస్తాడు. కాలేజీ రోజుల్లో ఆ గోడ పక్క నుంచి ఎన్నిసార్లు బస్సులో పోయానో లెక్కలేదు. లోపల ఇలాంటి రిజిస్టరు ఒకటి నడుస్తుందని విల్లీ గురించి చదివేదాకా నాకు తెలియదు.

నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఈ వ్యాసం రాస్తుండగానే నాకొక ఇంటర్వ్యూ వచ్చింది. ఆయుధాలకు ఎలక్ట్రానిక్ భాగాలు చేసే ఒక ప్రైవేటు కంపెనీ. చెప్పిన జీతం మా నాయన ఏడాదంతా తెచ్చేదానికి దగ్గర్లో, నెలకు! సరిహద్దులో సైనికులకు అవి కావలసిందేనని మా నాయన అంటాడు, అదీ నిజమే. మా అమ్మ ఇంటి మీద కొత్త రేకులు ఎప్పుడు వేయిద్దామని అడుగుతోంది. వాళ్లు నన్ను అడిగిన ప్రశ్నల్లో ఒకటి టైమింగ్ సర్క్యూట్ గురించి. జవాబు తడబడకుండా చెప్పాను. బయటికొచ్చి బస్‌స్టాప్‌లో నిలబడితే విల్లీ గుర్తొచ్చాడు. నేను చేరతానో లేదో ఈ సంచిక మీ చేతికొచ్చేసరికి తేలిపోతుంది.

హిగిన్‌బోథమ్ 1994 నవంబరు 10న జార్జియా రాష్ట్రంలోని గెయిన్స్‌విల్‌లో 84వ ఏట కన్నుమూశారు. అణ్వస్త్రాలు పెరగకుండా తాను చేసిన పనికే తనను గుర్తుంచుకోవాలన్నది ఆయన కోరిక. లోకం మాత్రం ఆయన పేరు ఎత్తగానే బంతాట అంటుంది. నేను ఈ వ్యాసానికి పెట్టిన పేరు కూడా అదే, తప్పు నాదీ ఉంది. ఏం చేస్తాం, నలభై ఏళ్లు చేసిన పని ఫైళ్లలో ఉంటుంది, మూడు వారాల్లో చేసింది జనం చేతుల్లోకి పోయింది.

1997లో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల యాభై ఏళ్ల పండుగకు అక్కడివాళ్లు పాత కాగితాలు వెతికి ఆ ఆటను మళ్లీ కట్టారు. అది చదివాక నాకూ ఆశ పుట్టింది. విల్లీ కాలంలో బల్లంత ఉన్న యాంప్లిఫయర్లు ఇప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో పది ఇరవై రూపాయలకు గోరంత చిప్పులుగా దొరుకుతాయి. ల్యాబ్‌లో పక్కన పడేసిన పాత సీఆర్వో ఒకటి సారును అడిగి తెచ్చాను. ప్రశ్న అడిగిన తొమ్మిదో తరగతి తమ్ముడు ఆదివారాలు నాతో కూర్చుని వైర్లు ఒలుస్తున్నాడు, టంకం వేయడం నేర్చుకున్నాడు, వేలు రెండుసార్లు కాల్చుకున్నాడు. వార్షికోత్సవం రోజు స్టేజీ పక్కన బల్ల మీద పెడదామని అనుకున్నాం. నేల గీత వచ్చింది. బంతి ఎగురుతోంది, ఒక్కోసారి నేలలోకి దూరిపోతోంది. అది చూసి పిల్లలు ఒకటే నవ్వు. నెట్ మాత్రం ఇంకా రాలేదు.